ఫోటో కోసం తెరిచిన ల్యాబు

ప్రాక్టికల్స్‌లో మా అమ్మాయికి యాభైకి యాభై వచ్చాయని ఎవరైనా స్వీట్లు తెచ్చి చేతిలో పెడితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. స్వీటు తింటాను, తినకపోతే బాగోదు. తిన్నాక మాత్రం ఆ పిల్లని దగ్గరకి పిలిచి, "ఏ ప్రయోగం చేశావమ్మా?" అని అడుగుతాను. పిల్ల వాళ్ళమ్మ వైపు చూస్తుంది. వాళ్ళమ్మ నా వైపు చూస్తుంది. పక్క గదిలోంచి మా ఆయన దగ్గుతారు. రిటైరై ఇన్నేళ్ళయినా నీ బుద్ధి మారలేదని ఆ దగ్గుకి అర్థం.

ఈ మధ్య నా దగ్గర చదువుకుని, కొత్తగా లెక్చరర్లుగా చేరిన ఇద్దరమ్మాయిలు వచ్చి, మీ సర్వీసులో మర్చిపోలేనిది ఏదైనా చెప్పండి మేడం అన్నారు. వాళ్ళు ఏదో సరదా సంగతి చెప్తానని ఎదురుచూసినట్టున్నారు. నేను చెప్పింది విని కాఫీ చల్లారబెట్టుకున్నారు. వాళ్ళకి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు రాయను. ఇందులోవాళ్ళు కొందరు పోయారు, కొందరు పెద్ద పెద్దవాళ్ళయ్యారు, ఒకావిడ ఇంకా నాకు రంజాన్‌కి ఫోన్ చేస్తుంది.

తొంభైల చివర్లో సంగతి. మా ఆయనకి ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషనుకి బదిలీ అయింది. అప్పటిదాకా నేను కూచిపూడి అవతల ఒక పాత కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. అక్కడ నాది పర్మనెంటు ఉద్యోగం కాదు కాబట్టి వదులుకోవడం పెద్ద కష్టం కాలేదు. క్వార్టర్స్‌కి దగ్గరని విజయవాడ వెళ్ళే దారిలో ఉన్న ఒక ప్రైవేటు మహిళా డిగ్రీ కాలేజీలో చేరాను. నేను చేరింది జూన్‌లో. మొదటి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షలు అంతకుముందే, ఎండాకాలంలో అయిపోయాయి.

చేరిన రోజున ప్రిన్సిపాల్‌గారు నాకు ఫిజిక్స్ ల్యాబు చూపించారు. చూసి మురిసిపోయాను. పాత కాలేజీలో, కాంతి వంగే కోణాలు కొలిచే స్పెక్ట్రోమీటర్ ఒకే ఒక్కటి ఉంటే దాని దగ్గర పిల్లలు వంతులేసుకునేవాళ్ళు. ఇక్కడ బల్లల నిండా వరసగా కొత్తవి ఉన్నాయి. ప్రతిదానికీ మందపాటి ప్లాస్టిక్ కవరు తొడిగి, మూతి పురికొసతో కట్టేశారు. నేను ఒక ముడి విప్పబోయాను.

"అయ్యో, ముట్టుకోకండి మేడం. దుమ్ము పడిపోద్ది" అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

"పడితే తుడుచుకుందాం సార్."

"అట్లా కాదండీ. ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా అట్లాగే ఉంచమని కరస్పాండెంట్‌గారి ఆర్డరు."

"ఎప్పుడండీ ఇన్‌స్పెక్షను?"

ఆయన నవ్వారు. "ఒకటి అవుతుంది, ఇంకోటొస్తది. దానికి అంతెక్కడండీ?"

కరస్పాండెంట్‌గారంటే ఆ కాలేజీ పెట్టినాయన. అంతకుముందు రైసు మిల్లు నడిపారు. ధాన్యం బస్తా ఎక్కడ పెడితే లాభమో తెలిసినట్టే చదువు ఎక్కడ పెడితే లాభమో కూడా ఆయనకి బాగా తెలుసు. ఆయనకి ఇంకో ఊళ్ళో ఇంకో కాలేజీ ఉండేది. ఇన్‌స్పెక్షన్ అక్కడికొస్తే మా సామాను సగం లారీ ఎక్కి అక్కడికి పోయేది, మాకొస్తే అక్కడిది ఇక్కడికి వచ్చేది. ఆ స్పెక్ట్రోమీటర్లు తిరిగినన్ని ఊళ్ళు నేను తిరగలేదు. ఒక్క పిల్ల చెయ్యి మాత్రం వాటిమీద పడలేదు.

మరి ప్రాక్టికల్స్ ఎలా జరిగేవంటారా? టైం టేబుల్లో ప్రాక్టికల్స్ పీరియడ్లు ఉండేవి. ఆ పీరియడ్లలో పిల్లలు క్లాసులోనే కూర్చుని, సీనియర్ల రికార్డులు ముందు పెట్టుకుని చూసి రాసేవాళ్ళు. బొమ్మలు పెన్సిలుతో చక్కగా వేసేవాళ్ళు, కొలతలు కూడా పాత రికార్డులో ఉన్నవే దించేవాళ్ళు. ఏడాది చివర బయటినుంచి ఎగ్జామినర్‌గారు వచ్చేవారు. ఆయనకి పొద్దున ఇడ్లీ, పెసరట్టు, మధ్యాహ్నం రొయ్యల వేపుడుతో భోజనం, మధ్యలో పిల్లల్ని నిలబెట్టి "ఏ ఊరమ్మా మీది? నాన్నేం చేస్తారు?" అని ఒక పరీక్ష. వెళ్ళేటప్పుడు కారులో బందరు లడ్డు పొట్లాలు. అందరికీ యాభైకి యాభై. ఒక్కోసారి మరీ అందరికీ అయితే బాగోదని ఇద్దరు ముగ్గురికి నలభై తొమ్మిది వేసేవారట. వాళ్ళు ఏడ్చేవాళ్ళట. ఇదంతా నాకు చెప్పింది మా కెమిస్ట్రీ మాస్టారు. రిటైర్మెంటుకి దగ్గరగా ఉన్న మనిషి, ఎవరినీ నొప్పించడు. ఆయన చెప్పి నవ్వుతుంటే నాకు నవ్వు రాలేదు.

చేరిన నెల తిరిగేసరికి రెండో సంవత్సరం పిల్ల ఒకతి స్టాఫ్ రూంకి వచ్చింది. వాళ్ళది విజయవాడ వన్‌టౌన్. వాళ్ళ నాన్నకి లుంగీలు, తువ్వాళ్ళు అమ్మే కొట్టు. సన్నగా ఉండేది, మెల్లగా మాట్లాడేది, అడిగినదానికి జవాబు దొరికేదాకా కదిలేది కాదు. కాలేజీకంతటికీ ఫస్టు. చేతిలో ఒక కవరు పట్టుకుని నా బల్ల పక్కన నిలబడింది.

ఉత్తరాదిలో పేరు మోసిన సైన్సు విద్యాసంస్థ ఒకటుంది. అందులో సీటంటే దేశమంతా పోటీ. డిగ్రీ మొదటి ఏడాది వేరే ఎక్కడ చదివినా సరే, వాళ్ళు పెట్టే పరీక్షలు నెగ్గితే నేరుగా రెండో ఏడాదిలోకి మార్చుకునేవారు. రెండో ఏడాది దాటితే ఆ దారి మూసుకుపోతుంది. అంటే ఎవరికైనా ఒక్కసారే అవకాశం. ఈ పిల్ల ఎవరికీ చెప్పకుండా ఆ రాతపరీక్ష రాసి నెగ్గింది. ఇప్పుడు ల్యాబులో పరీక్ష, ఇంటర్వ్యూ మిగిలాయి. కవరులో వాటికి రమ్మని పిలుపు ఉంది.

"మేడం, అక్కడ ప్రయోగం చేయించి చూస్తారంట. స్పెక్ట్రోమీటర్ ఎట్లా ఉంటదో ఒకసారి చూపిస్తారా?" అని అడిగింది.

ఆ పిల్ల రికార్డులో స్పెక్ట్రోమీటర్ ప్రయోగం ఉంది. కింద ఎర్ర సిరాతో టిక్కు ఉంది. యాభైకి యాభై మార్కులున్నాయి. దేశంలోనే గొప్ప చోట కూర్చుని చదవడానికి బుర్ర ఉన్న పిల్ల, మార్కులు వచ్చిన సాధనం ఎలా ఉంటుందో చూపించమని నన్ను బతిమాలుతోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్లమీద కాదు. నేరుగా ప్రిన్సిపాల్‌గారి గదికి వెళ్ళాను.

"ఒక్క స్పెక్ట్రోమీటర్ విప్పనివ్వండి సార్. మూడు వారాలు. నేనే దగ్గరుండి నేర్పి, నేనే మళ్ళీ కట్టేస్తాను" అన్నాను.

"ఒకళ్ళకి తీస్తే అందరూ తీయమంటారు మేడం."

"అంటే మంచిదే కదండీ. కాలేజీ కదా."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఒక్క మాట చెప్పండి. ఆ పిల్లెళ్ళిపోతే మనకేం ఒరుగుద్ది? ఇక్కడే ఉందనుకోండి, మూడో ఏడు యూనివర్సిటీ రాంకు మనకే వస్తది. మన చేత్తో మనం సాగనంపాలా?"

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదని సామెత. ఆ రోజు దాని అర్థం నాకు కళ్ళారా కనిపించింది. స్టాఫ్ రూంలోకి వచ్చి పుస్తకాలు బల్లమీద పడేస్తే కెమిస్ట్రీ మాస్టారు తలెత్తారు.

"మీరెందుకండీ అంత బాధపడతారు? ఈ ఊళ్ళో ఏ కాలేజీకెళ్ళినా ఇంతే. మనం అనుకుంటే మారుద్దా?" అన్నారు.

"మారదనుకునేవాళ్ళు ఇంతమంది ఉంటే ఎలా మారుతుందండీ?" అన్నాను. ఆయన మళ్ళీ పేపర్లు దిద్దుకోవడంలో పడ్డారు.

నా పాత కాలేజీలో ఫిజిక్స్ హెడ్‌గా ఉన్నావిడ నాకు అక్కలాంటిది. ఫోన్ చేసి సంగతి చెప్పాను. "ఆదివారం తీసుకురా. నేనే వచ్చి తలుపు తీస్తా. మా స్పెక్ట్రోమీటర్ ముసలిదైపోయింది, అయినా పనిచేస్తది" అంది. అలా ఆదివారాలు నేనూ, ఆ పిల్లా, వాళ్ళ నాన్నగారూ బస్సెక్కేవాళ్ళం. ఆ బస్సులో కూచిపూడికి డాన్సు క్లాసులకి వెళ్ళే పిల్లలు నిండా ఉండేవాళ్ళు. నడుముకి చున్నీలు బిగించి కట్టుకుని, తోవంతా చేతివేళ్ళతో తాళం వేసుకునేవాళ్ళు. వాళ్ళని చూస్తే నాకు ఇంకా కోపం వచ్చేది. అడుగు వేయని పిల్లకి నాట్యం వచ్చేసిందని ఏ గురువూ చెప్పడు. మేము మాత్రం చెప్తాం, పైగా ముద్ర కూడా వేస్తాం.

మొదటి ఆదివారం ఆ పిల్లకి గాజు ప్రిజం కోణం కొలవడం చూపించాను. పట్టు త్వరగానే దొరికింది. కాసేపు తనంతట తనే చేసుకోమని నేను అవతల కూర్చున్నాను. తెచ్చి చూపించింది. సరిగ్గా అరవై డిగ్రీలు. మూడుసార్లు తీసిన కొలతలూ సరిగ్గా అరవై. ఆ ముసలి స్పెక్ట్రోమీటర్ మీద నాకే ఎప్పుడూ అంత సరిగ్గా రాలేదు.

"ఎట్లా వచ్చిందమ్మా?" అన్నాను.

"రికార్డులో అరవై అని ఉంది కదా మేడం. ముందు అరవై రాసుకుని, దానికి సరిపోయేటట్టు వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చా" అంది.

అందులో దొంగతనం ఏమీ లేదు ఆ పిల్ల మనసులో. లెక్క అలాగే చేయాలని అనుకుంది. మా వైపు పిల్లలందరూ అంతే. కుక్ చేయడం అంటారు దాన్ని, వంట చేసినంత మామూలుగా. జవాబు ముందే తెలిసిపోతే కొలవడం దేనికి? కొలిస్తే వేరేది వస్తుందన్న అనుమానం కూడా వాళ్ళకి రానివ్వలేదు. ఆ అనుమానం రానివ్వకపోవడమే మా కాలేజీ చేసిన అసలు పాపమని నేనంటాను.

"రికార్డు సంచిలో పెట్టెయ్. నీ కంటికి ఏం కనపడిందో అదే రాయి" అన్నాను.

"తప్పొస్తే?"

"మళ్ళీ చూడు. మళ్ళీ అదే వస్తే, అదే రాయి."

"అరవై రాకపోయినా?"

"ఆరు వచ్చినా అదే రాయి. ఎందుకు వచ్చిందో తర్వాత పోట్లాడదాం."

ఆమెకి అది నమ్మబుద్ధి కాలేదు. ప్రతి కొలతకీ నా మొహంలోకి చూసేది, నేను తల తిప్పుకునేదాన్ని. రెండో ఆదివారానికి నా మొహం చూడటం మానేసింది. మూడో ఆదివారం ఒక అంకె గురించి నాతోనే వాదించింది. తన కొలతే సరైనదని రుజువు చేసింది కూడా. ఆ రోజు తిరుగు బస్సులో నేను కిటికీ పక్కన కూర్చుని చాలా రోజుల తర్వాత కులాసాగా నిద్రపోయాను.

వాళ్ళ నాన్నగారు వరండాలో బెంచీ మీద కూర్చునేవారు. ఒకసారి నేను మంచినీళ్ళకి బయటికొస్తే లేచి నిలబడ్డారు.

"మేడంగారండీ, ఒకటడుగుతాను, ఏమనుకోమాకండి. మా పిల్లకి అన్నిట్లో యాభైకి యాభై వచ్చినయ్యి కదండీ. మళ్ళీ ఇదంతా ఎందుకండీ?"

ఆ మార్కులొచ్చినప్పుడు ఆయన వీధంతా మిఠాయి పంచారని పిల్ల నాకు ముందే చెప్పింది. "ఆ మార్కులు ఉత్తివండీ" అన్నాను. "మరి మాకెవురూ చెప్పలేదండీ" అన్నారాయన. ఆ మాట నన్ను అన్నట్టే అనిపించింది, నేను వేసిన మార్కులు కాకపోయినా సరే.

తండ్రీ కూతుళ్ళు రైలెక్కి వెళ్ళి పరీక్ష ముగించుకుని వచ్చారు. వచ్చిన మర్నాడే ఆమె స్టాఫ్ రూంకి వచ్చింది. నేను అడక్కముందే చెప్పడం మొదలుపెట్టింది.

"ప్రిజమే ఇచ్చారు మేడం. కోణం కొలవమన్నారు. నాకు అరవై రాలేదు. యాభై ఏడు దగ్గర వచ్చింది. అంతా విప్పేసి మళ్ళీ మొదట్నించీ చేశా. మళ్ళీ అదే వచ్చింది. మూడోసారి చేయడానికి టైం లేదు."

"ఏం రాశావ్?"

"చెయ్యి అరవై వైపే పోయింది మేడం. బలవంతాన ఆపుకున్నా. వచ్చిందే రాశా."

ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన ఆ కాగితం ముందు పెట్టుకుని, మిగతావాళ్ళలో చాలామంది అరవై అని రాశారే, నువ్వొక్కదానివీ ఇలా ఎందుకు రాశావని అడిగారట. "నాకు ఇదే వచ్చింది సార్, కావాలంటే మీ ఎదురుగా మళ్ళీ చేస్తాను" అందట. ఆయన ఆ కాగితం మీద ఏదో రాసుకున్నారట. ఆ ప్రిజం కావాలనే కోణం తగ్గించి చేయించిందని నాకు వినగానే అర్థమైంది. కోణం కొలిచేవాళ్ళెవరో, బట్టీకొట్టినవాళ్ళెవరో తేల్చుకోవడానికి అంతకన్నా తేలిక మార్గం లేదు. నేనామె రెండు చేతులూ పట్టుకున్నాను. కెమిస్ట్రీ మాస్టారు తన డబ్బాలోంచి తీసి ఆమెకి ఒక జంతిక ఇచ్చారు.

సీటు వచ్చింది. సోమవారంలోగా టీసీతో వచ్చి చేరమన్నారు. శుక్రవారం సాయంత్రం రైలు. శుక్రవారం పొద్దున్నే తండ్రీ కూతుళ్ళు టీసీ కోసం కాలేజీకి వచ్చారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఇక్కడ పూజారి కరస్పాండెంట్‌గారు. ప్రిన్సిపాల్‌గారు వాళ్ళని ఆయన గదికి పంపించారు. తోడుగా నేనూ వెళ్ళాను.

ఆయన ఎంతో ఆప్యాయంగా లేచి నిలబడ్డారు. కూల్‌డ్రింకులు తెప్పించారు. "కాలేజీ పేరు నిలబెట్టావమ్మా" అన్నారు. టీసీ ఆయన బల్లమీదే ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. దానిమీద ఆయన అరచెయ్యి ఉంది.

"ఒక చిన్న పనుందమ్మా. మన ల్యాబులో నువ్వు ప్రయోగం చేస్తున్నట్టు ఒక ఫోటో దిగాలి. విజయవాడ పటమటలో పెద్ద హోర్డింగు పెట్టిద్దాం. ఫోటోగ్రాఫర్ వస్తున్నాడు. అదైపోతే సంతకం పెట్టేస్తా."

నాకు ఆగలేదు. "సార్, ఆ పిల్ల మన ల్యాబులో అడుగు కూడా పెట్టలేదు" అన్నాను.

"ఇప్పుడు పెడుతుందిగా మేడం" అన్నారు ఆయన, ఏమాత్రం తడుముకోకుండా.

వాళ్ళ నాన్నగారు నావైపు బతిమాలుతున్నట్టు చూశారు. "ఫోటోయే కదండీ మేడంగారూ. పోనీలెండి. రైలు టైం అయిపోద్ది" అన్నారు. ఆ పిల్ల ఒప్పుకోదని నా లోపల ఆశ. వచ్చిందే రాయాలని నేర్చుకున్న పిల్ల కదా. ఆమె మాత్రం తల ఊపింది.

"అట్లాగే సార్. కాకపోతే నిజంగా చేస్తున్నట్టు కనపడాలంటే కవర్లు తీయించాలి కదండీ. దీపం కూడా వెలగాలి."

"అన్నీ తీయిద్దాం తల్లీ."

"నేనొక్కదాన్నే ఉంటే ల్యాబులాగా ఉండదు సార్. మా క్లాసువాళ్ళందరూ ఉంటే?"

"ఆ, అదీ కరెక్టే. నిండుగా ఉంటది" అని ఆయన సంబరపడ్డారు.

వరండాలోకి రాగానే నేనామె మీద విరుచుకుపడ్డాను. ఇంత చేసి చివరికి వాళ్ళ అబద్ధానికి నిలబడి పోజు ఇస్తావా అన్నాను. ఆమె నొచ్చుకోలేదు.

"ఫోటో వాళ్ళడిగారు మేడం. ల్యాబు నేనడిగాను" అంది.

అప్పటికీ నాకు బోధపడలేదు.

పురికొసలు తెంచారు. కవర్లు తీశారు. క్లాసు పిల్లలందరూ లోపలికొచ్చి, ఎక్కడ నిలబడాలో తెలియక గోడలకి ఆనుకున్నారు. రెండో ఏడాది చదువుతూ తమ ల్యాబులోకి మొదటిసారి వచ్చిన పిల్లలు వాళ్ళు. ఆ పిల్ల ఒక స్పెక్ట్రోమీటర్ ముందు కూర్చుని సోడియం దీపం వేసింది. ఆ దీపం వేసిన వెంటనే పసుపు రంగులోకి రాదు. ముందు ఎర్రగా ఉంటుంది, వేడెక్కాక పచ్చబడుతుంది.

"కానియ్యవయ్యా, తియ్యి" అన్నారు కరస్పాండెంట్‌గారు ఫోటోగ్రాఫర్‌తో.

"దీపం ఇంకా వేడెక్కలేదండీ. ఇప్పుడు తీస్తే ఫోటోలో బాగోదు సార్" అంది ఆ పిల్ల.

దీపం పచ్చబడింది. ఆమె టెలిస్కోపులో చూసి ఏదో తిప్పింది, మళ్ళీ చూసి మళ్ళీ తిప్పింది. "ఇంకొంచెం ఫోకస్ చేయాలండీ" అంది. ఆ తర్వాత తన పక్కనున్న అమ్మాయి చెయ్యి పట్టుకుని లాగింది. "ఇట్రా. ఒక కన్ను మూసుకుని చూడు. పచ్చ గీత కనపడతందా?"

ఆ అమ్మాయి చూసింది. "ఉందే" అంది, గొంతు తగ్గించి, గీతకి వినిపిస్తే పారిపోతుందేమో అన్నట్టు.

ఆ మాటతో గోడలకి ఆనుకున్నవాళ్ళందరూ బల్ల దగ్గరికి వచ్చారు. ఆ పిల్ల ఒక్కొక్కళ్ళనీ కూర్చోబెట్టింది. ఏది తిప్పితే ఏమవుతుందో చెప్పింది, నేను చెప్పిన మాటలే, నాకంటే తేలిగ్గా చెప్పింది. నేను ఊరుకోలేక రెండో స్పెక్ట్రోమీటర్ విప్పి ఇంకో దీపం వేశాను. కరస్పాండెంట్‌గారి మొహం కందగడ్డలా అయింది. ఆయనకి ఫోటో కావాలి, ఫోటోకి ఆ పిల్ల కావాలి, కాబట్టి కసరడానికి లేదు. అప్పుడు కెమిస్ట్రీ మాస్టారు ఎక్కడినుంచి వచ్చారో వచ్చి స్విచ్‌బోర్డు దగ్గర నిలబడ్డారు.

"చీకటుండాలండీ. లేకపోతే గీత సరిగ్గా కనపడదు" అని కరస్పాండెంట్‌గారికే చెప్పి, గదిలో లైట్లు ఆర్పేశారు. ఎవరినీ నొప్పించని మనిషి చేసిన పని అది.

"మరి ఫ్లాష్ వేస్తే ఆ గీత పోదా అమ్మా?" అని ఫోటోగ్రాఫర్ అడిగాడు.

"ఫ్లాష్ వేస్తే కళ్ళు చెదురుతాయన్నా. అందుకే మీరు చివర్లో తీయండి" అంది ఆ పిల్ల.

లంచి బెల్లు కొట్టారు. ఒక్కళ్ళు కదల్లేదు. పామర్రు వైపు పల్లెనుంచి వచ్చే రైతు కుటుంబం పిల్ల ఒకతి ఉండేది. క్లాసులో నోరు తెరిచేది కాదు. ఆమె ప్రిజం కోణం తనే కొలిచి, కాగితం నా దగ్గరికి తెచ్చింది. "అరవై రాలేదు మేడం, కొంచెం ఎక్కువొచ్చింది. రాసెయ్యమంటారా?" అని అడిగింది. రాసెయ్యమన్నాను. ఆ కాగితాన్ని మడిచి జాకెట్టులో దాచుకుంది.

ఆఖరి పిల్ల కూడా చూశాక, సీటొచ్చిన పిల్ల లేచి, జుట్టు సవరించుకుని, "ఇప్పుడు తీయండి సార్" అంది. ఒకే ఒక్క ఫోటో. టీసీ మీద సంతకం పడింది. గేటు దగ్గర వాళ్ళ నాన్నగారు నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. ఆమె ఆటో ఎక్కుతూ, "వచ్చిందే రాస్తాను మేడం" అంది. ఇప్పుడామె ఎక్కడ ఏం చేస్తోందో రాస్తే మీలో కొందరు గుర్తుపట్టేస్తారు, అందుకని రాయను.

వేసవిలో పటమటలో హోర్డింగు లేచింది. ఆమె స్పెక్ట్రోమీటర్ పక్కన నిలబడి ఉంది. మా అధునాతన ల్యాబుల్లో తర్ఫీదు పొంది దేశంలోనే గొప్ప సంస్థకి ఎంపికైన విద్యార్థిని అని పెద్ద అక్షరాలు. వెనకాల నిలబడ్డ క్లాసు పిల్లలందరినీ కత్తిరించేశారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం వినే ఉంటారు. ఇక్కడ నీళ్ళు పోయలేదు, పైగా గొడ్డలి పట్టుకుని నిలబడి, చివరికి కాయలు మావే అన్నారు. ఆ హోర్డింగు చూసి అడ్మిషన్లకి తల్లిదండ్రులు బారులు తీరారు. నేను ప్రిన్సిపాల్‌గారి గదిలో పెద్ద గొడవ చేశాను. "అందరూ చేసేదే కదండీ" అన్నారు. ఆ ఒక్క వాక్యంతో ఈ రాష్ట్రంలో ఎన్ని ల్యాబులకి తాళాలు పడ్డాయో ఎవరూ లెక్కపెట్టరు.

అయినా నన్ను ఇన్నేళ్ళుగా మండిస్తున్నది ఆ హోర్డింగు కాదు. ఫోటో తీసిన మర్నాడు జరిగింది చెప్తాను.

శనివారం ప్రాక్టికల్స్ పీరియడ్. పొద్దున్నే స్పెక్ట్రోమీటర్లకి కవర్లు తొడిగి, కొత్త పురికొసలు కట్టేసి, ల్యాబుకి తాళం వేసేశారు. పిల్లలు క్లాసులో కూర్చుని మళ్ళీ సీనియర్ల రికార్డులు తెరిచారు. నేను బోర్డు దగ్గర నిలబడ్డాను. పామర్రు వైపు పిల్ల లేచి నిలబడింది.

"మేడం, మాలో ఇంకెవరికన్నా పెద్ద కాలేజీలో సీటొస్తే మళ్ళీ తీస్తారా ల్యాబు?"

వేళాకోళం కాదు. నిజంగానే అడుగుతోంది. క్లాసంతా నా జవాబు కోసం చూస్తోంది.

"ఫోటో కావాలంటే తీస్తారేమోనమ్మా" అన్నాను.

"అయితే వచ్చే ఏడు పీజీ ఎంట్రన్సు రాస్తాను మేడం" అంది. "సీటొచ్చినా మా నాన్న అంత దూరం పంపడు. నాకు సీటక్కర్లేదు. ఇంకొక్కసారి ల్యాబు తీస్తే చాలు."